రోజూ 48 కిలోమీటర్లకు సైక్లోక్రాస్ సైకిల్: ఎంపిక నుంచి ఎనిమిదో వారం దాకా నా అనుభవం

ఒక వైపు 24 కిలోమీటర్లు, రానూపోనూ 48, వారానికి ఐదు రోజులు. అందులో 17 కిలోమీటర్లు మామూలు తారు, 5 కిలోమీటర్లు గట్టు మీద కంకర, మిగతా 2 పగుళ్లిచ్చిన సిమెంటు. మధ్యలో 1.2 కిలోమీటర్ల ఎక్కుడు, దాని చివర ఏడు శాతం ఎత్తు. వెనక 6.5 కిలోల సామాను. ఈ దారికి సైక్లోక్రాస్ సైకిల్ కొనాలని ఫిబ్రవరి 3న అనుకున్నాను. సామానంతా బిగించి పనికి బయల్దేరింది ఏప్రిల్ 14న. సరిగ్గా పది వారాలు. సైకిల్ కోసం ఆగింది అందులో 23 రోజులే. ఆ తర్వాత మడ్‌గార్డులు, బోల్టులు, వాషర్ల కోసమే ఇంకో రెండు వారాలు పోయాయి. అందుకే ఇక్కడ గేర్ల కన్నా మర రంధ్రాల గురించే ఎక్కువ చెబుతాను.

సైక్లోక్రాస్ సైకిల్‌ను తయారుచేసేది సుమారు గంటసేపు సాగే పందెం కోసం. బురదలో చుట్లు కొట్టాలి, అడ్డుపలక వచ్చినచోట దిగి సైకిల్‌ను భుజాన వేసుకుని పరిగెత్తాలి. పిట్‌లో రెండో సైకిల్ సిద్ధంగా ఉంటుంది. బురద పట్టిన సైకిల్ అక్కడ ఇచ్చేసి కడిగిన సైకిల్ ఎక్కి వెళ్లిపోతారు. మనకు పిట్ లేదు, కడిగి ఇచ్చే మనిషీ లేడు. ఈ ఒక్క తేడాను మనసులో పెట్టుకుని చూస్తే ఏ సైకిల్ వద్దో తొందరగా తెలిసిపోతుంది. పందెం ఫ్రేములకు చాలావాటికి మడ్‌గార్డు రంధ్రాలు ఉండవు, క్యారియర్ రంధ్రాలు అసలే ఉండవు. భుజాన వేసుకోవడానికి వీలుగా పైగొట్టం అడుగున చదునుగా ఉంటుంది, పాత మోడళ్లలో కేబుళ్లు ఆ గొట్టం పైనుంచే పోతాయి. టైరు వెడల్పుకు యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య) పెట్టిన హద్దు 33 మి.మీ. కాబట్టి కొన్ని ఫ్రేముల్లో దానికి, బురద రాలడానికి సరిపడా సందు మాత్రమే వదులుతారు. ఆ సందులోనే మనం మడ్‌గార్డు దూర్చాలి.

మొదటి రెండు వారాలు కొలతలకే పెట్టాను. కాళ్ల లోపలి కొలత 82 సెంటీమీటర్లు. గోడకు వీపు ఆనించి నిలబడి, మందపాటి పుస్తకాన్ని కాళ్ల మధ్య గట్టిగా పైకి నొక్కి, దాని పైఅంచు నుంచి నేల దాకా కొలవాలి. దాన్ని 0.883తో గుణిస్తే 72.4 వస్తుంది. బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా అంత ఎత్తు ఉండాలని అర్థం. అది మొదలుపెట్టడానికి పనికొచ్చే అంకె మాత్రమే, నాకు చివరికి 72.0 కుదిరింది.

ఫ్రేము సైజుకు 54, 56 అనే ముద్రలు నమ్మకండి, రెండు తయారీల 54లు ఒకటి కావు. స్టాక్, రీచ్ చూడండి. బాటమ్ బ్రాకెట్ మధ్య నుంచి హెడ్‌ట్యూబ్ (హ్యాండిల్ కింద ఉండే ముందు గొట్టం) పైఅంచు దాకా నిలువు ఎత్తు స్టాక్, ఆ రెంటి మధ్య అడ్డం దూరం రీచ్. అప్పటిదాకా వాడిన రోడ్డు సైకిల్‌కు స్టాక్ 548 మి.మీ. గంట దాటితే మెడ పట్టేసేది. దాన్ని బట్టి కొత్త సైకిల్‌కు 565కు తగ్గకూడదు, రీచ్ 385 దాటకూడదు అని రాసిపెట్టుకున్నాను. తక్కువ స్టాక్ ఉన్న ఫ్రేము కొని స్పేసర్లతో (హ్యాండిల్ కింద పేర్చే ఉంగరాలు) హ్యాండిల్ పైకి లేపుకోవచ్చు అనుకుంటే, ఫోర్కు గొట్టం కార్బన్‌దైనప్పుడు తయారీదారు చెప్పిన స్పేసర్ల పరిమితి దాటకూడదని గుర్తుంచుకోండి. ఇంకొక అంకె బాటమ్ బ్రాకెట్ డ్రాప్, అంటే చక్రాల ఇరుసుల కన్నా బాటమ్ బ్రాకెట్ ఎంత కిందికి ఉందో ఆ కొలత. రోడ్డు సైకిళ్లలో 70 మి.మీ. దగ్గర ఉంటుంది, పాత తరహా సైక్లోక్రాస్‌లో 60 దాకా తగ్గుతుంది. అంటే సీటు సుమారు సెంటీమీటరు ఎత్తున ఉంటుంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా కాలి మునివేళ్లే నేలకు తగులుతాయి. రోజుకు నలభై సార్లు ఆగి బయల్దేరే దారిలో అది చిన్న విషయం కాదు.

మూడు సైకిళ్లు నడిపి చూశాను, మూడింటి మీదా 6.5 కిలోల సామాను వీపు సంచిలో వేసుకుని. ఖాళీగా నడిపితే అన్నీ బాగానే ఉంటాయి.

ఫిబ్రవరి 22న నడిపినది కాంటిలీవర్ బ్రేకులున్న (రెండు చేతులు రిమ్మును రెండు పక్కలా నొక్కే రకం) పాత పందెం సైకిల్. తేలిగ్గా ఉంది, ఫ్రేము చక్కగా ఉంది. కానీ దిగుడులో ముందు బ్రేకు గట్టిగా పట్టగానే ఫోర్కు మొత్తం టకటకా వణికింది, హ్యాండిల్ చేతుల్లో నిలవలేదు. అప్పుడు కలిగిన భయం సాయంత్రం దాకా పోలేదు. ఇది ఫోర్కు లోపం కాదు, కేబుల్ వెళ్లే తీరు వల్ల జరుగుతుంది. ముందు బ్రేకు కేబుల్‌ను ఆపే కొక్కెం హెడ్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) దగ్గర పైన ఉంటుంది, బ్రేకు చేతులు కింద ఫోర్కు మీద ఉంటాయి. బ్రేకు పట్టగానే ఫోర్కు కొద్దిగా వెనక్కి వంగుతుంది, కొక్కేనికీ బ్రేకుకూ మధ్య దూరం పెరుగుతుంది. దాంతో మనం లాగకుండానే కేబుల్ ఇంకా బిగుస్తుంది, బ్రేకు ఇంకా గట్టిగా పడుతుంది. ప్యాడ్ జారగానే ఫోర్కు ముందుకు వస్తుంది, మళ్లీ పడుతుంది. ఇలా సెకనుకు ఎన్నోసార్లు జరగడమే ఆ వణుకు. కొక్కేన్ని ఫోర్కు కిరీటం (ఫోర్కు రెండు కాళ్లు కలిసే చోటు) మీదికే మార్చి, ప్యాడ్ ముందంచు రిమ్ముకు మొదట తగిలేలా వెనకంచును ఒకటి రెండు మి.మీ. ఎడంగా పెడితే చాలావరకు తగ్గుతుంది. కాంటి సైకిల్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఈ పని చేయించుకోండి. కొత్తగా కొనేవాళ్లకు మాత్రం డిస్కే నా సలహా. పందేల్లో డిస్కు బ్రేకులకు 2010లో అనుమతి వచ్చాక కొత్త ఫ్రేములన్నీ క్రమంగా అటే వెళ్లాయి. కాబట్టి వెతకాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. రోజూ వానలో, కంకర దుమ్ములో బ్రేకు పడితే అరిగేది రిమ్మే. డిస్కు అయితే అరిగేవి ప్యాడ్లు, రోటరు (ప్యాడ్లు పట్టే లోహపు పళ్లెం). రెంటినీ విడిగా మార్చుకోవచ్చు, చక్రం పదిలంగా ఉంటుంది.

మార్చి 1న నడిపినది కార్బన్ ఫ్రేము, హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్కులు, ముందు 40 పళ్ల ఒకే చక్రం. ఆ రోజు దాని మీంచి దిగబుద్ధి కాలేదు. వద్దన్నది రెండు కారణాలకు. ఒకటి, ఎక్కడా ఒక్క మర రంధ్రం లేదు. రెండు, బాటమ్ బ్రాకెట్ ప్రెస్‌ఫిట్. బేరింగు కప్పు ఫ్రేములోకి మర లేకుండా దిగగొట్టి ఉంటుంది. ఫ్రేము రంధ్రం కొలత ఏమాత్రం అటూ ఇటూ అయినా, నీళ్లూ ఇసుకా దిగినా, ప్రతి తొక్కుకీ కిర్రుమంటుంది. ఒకసారి విప్పి తుడిచి బిగిస్తే కొన్నాళ్లు ఆగి మళ్లీ మొదలవుతుంది. మర ఉన్న 68 మి.మీ. బీఎస్ఏ బాటమ్ బ్రాకెట్‌కు ఆ బాధ చాలా తక్కువ, ఇంట్లో ఒక పానాతో మార్చుకోవచ్చు. విప్పేటప్పుడు ఒక్కటే గుర్తుంచుకోవాలి: కుడివైపు కప్పుకు ఎడమ మర ఉంటుంది, గడియారం ముల్లు దిశలో తిప్పితే ఊడుతుంది. తెలియక అటూ ఇటూ బలంగా తిప్పితే ఫ్రేము మరే పోతుంది.

మార్చి 8న చూసినదే తీసుకున్నాను. అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు, 12 మి.మీ. త్రూ యాక్సిళ్లు (చక్రం గుండా దూర్చి బిగించే ఇరుసులు), కేబుల్‌తో పనిచేసే 160 మి.మీ. డిస్కులు, మర ఉన్న బాటమ్ బ్రాకెట్, 46/36 పళ్ల ముందు చక్రాలు, వెనక 11–32 పళ్లవి. స్టాక్ 568, రీచ్ 382. బరువు 10.1 కిలోలు, పక్కన కార్బన్‌ది నిలబెడితే బరువే. కానీ వెనక నాలుగు, ముందు ఫోర్కుకు రెండు ఎం5 (5 మి.మీ. బోల్టు పట్టే) రంధ్రాలున్నాయి. సంతకం పెట్టే ముందు వెర్నియర్‌తో మూడు చోట్ల సందు కొలిచాను. వెనక చక్రం పక్కన అడుగు గొట్టాల మధ్య 47 మి.మీ., పై గొట్టాల మధ్య 50, ఫోర్కులో 51. టైరు మీద 32 అని రాసి ఉన్నా 19 మి.మీ. లోపలి వెడల్పున్న రిమ్ము మీద అది 33.5 అవుతుంది. పక్కలకు 4 మి.మీ. చొప్పునైనా ఖాళీ కావాలి. మడ్‌గార్డు తీసుకోవాల్సింది 45 మి.మీ. వెడల్పుది. 47లో 45 ఇమిడిపోతుందని అక్కడే లెక్క వేశాను. ఆ లెక్క ఎక్కడ తప్పిందో కింద చెబుతాను.

నా సైజు లేదు, తెప్పిస్తామన్నారు. రెండు వారాలన్నది 23 రోజులైంది. ఒక సైజు చిన్నది వెంటనే ఉంది. స్టెమ్ (హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి పట్టి ఉంచే ముక్క) పొడుగుది వేసి సరిచేస్తామన్నారు. 18వ రోజున దాదాపు ఒప్పేసుకున్నాను, అంత విసుగొచ్చింది. చిన్న ఫ్రేములో స్టాక్ 549, అంటే మెడనొప్పి తెచ్చిన పాత సైకిల్ కొలతే. స్టెమ్ దూరాన్ని సరిచేస్తుంది కానీ ఎత్తును అంత సరిచేయలేదు. ఆగండి, ఆ ఆగిన రోజులు తర్వాత ఎవరికీ గుర్తుండవు.

మార్చి 31న సైకిల్ వచ్చింది. మడ్‌గార్డులు అంతకుముందే చెప్పి ఉంచాల్సింది. సైకిల్ చూశాక చెబుదామని ఆగడంతో ఇంకో తొమ్మిది రోజులు పోయాయి. ఏప్రిల్ 12న బిగింపు మొదలుపెడితే నాలుగు గంటలు పట్టింది.

మొదటి చిక్కు మడ్‌గార్డును పట్టి ఉంచే ఎడమవైపు కమ్మీతో వచ్చింది. డిస్కు కాలిపర్ (ప్యాడ్లను రోటరుకు నొక్కే భాగం) ఫ్రేము రంధ్రానికి సరిగ్గా పక్కన ఉంటుంది. మడ్‌గార్డు కమ్మీ తిన్నగా వస్తే కాలిపర్ చేతికి తగిలి బ్రేకు సగంలో ఆగిపోతుంది. కమ్మీకీ ఫ్రేముకీ మధ్య 15 మి.మీ. గొట్టం వాషర్ పెట్టి, 30 మి.మీ. ఎం5 బోల్టు వేస్తే తప్పించుకుంది. మడ్‌గార్డుతో వచ్చిన బోల్టులు 16 మి.మీ.వే. ముందే నాలుగు పొడవు బోల్టులు, నైలాన్ పట్టున్న నట్టులు తెచ్చిపెట్టుకోండి.

రెండో చిక్కు ఆ 47 మి.మీ. సందు. నేను కొలిచింది టైరు వెడల్పు ఎక్కువగా ఉన్న చోట. మడ్‌గార్డు దిగేది బాటమ్ బ్రాకెట్ వెనక, ఇంకా లోపలికి. అక్కడ గొట్టాలు దగ్గరపడి 40 మి.మీ.కి వస్తాయి. మడ్‌గార్డు రెండు అంచులూ నొక్కుకుని మధ్యలో ఉబ్బి టైరుకు తగిలింది. మొత్తం కోయక్కర్లేదు. గొట్టాల మధ్య పడే 5 సెంటీమీటర్ల పొడవునే గుర్తుపెట్టి, రెండు పక్కలా 4 మి.మీ. చొప్పున కత్తెరతో కోసి, అంచును ఇసుక కాగితంతో రుద్దాను. 37కి వచ్చింది, నిలబడింది. కోసిన మూలలు పదునుగా వదిలితే అక్కడి నుంచే పగులుతుంది, గుండ్రంగా చేయండి. గొట్టాల మధ్య అడ్డపట్టీ కూడా ఈ ఫ్రేములో లేదు. మడ్‌గార్డు కింది కొసను రెండు ప్లాస్టిక్ పట్టీలతో గొట్టాలకు కట్టాల్సి వచ్చింది. ముందు మడ్‌గార్డు కమ్మీలకు మాత్రం లాగితే ఊడిపోయే క్లిప్పులున్నవే తీసుకోండి. పుల్ల ముక్క టైరుకూ మడ్‌గార్డుకూ మధ్య ఇరుక్కుంటే కమ్మీ ఊడిపోవాలి. ఊడకపోతే చక్రం బిగుసుకుపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా పడతాడు.

మర్నాడు బ్రేకులు సర్దాను. కొత్త ప్యాడ్లు సరిగా ఆపవు, రోటరు మీద ప్యాడ్ పూత సమంగా పడాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగం దాకా, చక్రం లాక్ కాకుండా, ఒక్కో బ్రేకుకు ఇరవై సార్లు. పన్నెండో సారి దగ్గర పట్టు మారడం వేళ్లకు స్పష్టంగా తెలిసింది. కేబుల్ డిస్కుల్లో కొన్నిటికి ఒక ప్యాడే కదులుతుంది, నావీ అలాంటివే. లోపలి ప్యాడ్ అరిగే కొద్దీ దాన్ని చేత్తో దగ్గరికి తిప్పుకోవాలి. అది మరిచిపోతే లీవరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, రోటరు ఒక పక్కకు వంగుతూ అరుస్తుంది. చైనుకు స్ప్రే నూనె వాడకండి, తుంపర రోటరు మీద పడితే ప్యాడ్లు పాడవుతాయి. చుక్కలుగా వేసి తుడిచేయాలి. రోటరు తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చాలు. నూనె పీల్చుకున్న ప్యాడ్లను మాత్రం పారేయడమే మేలు.

ఏప్రిల్ 14, మొదటి రోజు. 24 కిలోమీటర్లకు 68 నిమిషాలు. కంకర మీద సైకిల్ నిలకడ చూసి ఎంత తేలికపడ్డానో చెప్పలేను. పాత సైకిల్ మీద అక్కడ భుజాలు బిగబట్టుకుని వెళ్లేవాణ్ని. తారు మీద మాత్రం దానితో వచ్చిన 33 మి.మీ. బుడిపెల టైర్లు రొద చేస్తూ వేగాన్ని తినేశాయి. మూడో వారంలో 32 మి.మీ. నున్నటి టైర్లు, అడుగున పంక్చరు పొర ఉన్నవి వేశాను. అదే దారి 63 నిమిషాలకు వచ్చింది. పొడి కంకర మీద పట్టు తగ్గిందని అనిపించలేదు, తడి మట్టి మీద తగ్గింది. ముందు 3.5 బార్, వెనక 4 బార్ గాలి పెడుతున్నాను. నా బరువు 75 కిలోలు. అంతకన్నా గట్టిగా పెడితే పగుళ్ల సిమెంటు మీద మణికట్లు నొస్తాయి, వేగం పెరగదు.

మొదటి వారంలోనే బయటపడ్డ మూడు సంగతులు. మెల్లగా మలుపు తిరిగేటప్పుడు బూటు కొస మడ్‌గార్డుకు తగిలింది. మడ్‌గార్డు లేనప్పుడు తగలలేదు, దాని వల్ల చక్రం సెంటీమీటరు పైగా పెద్దదైనట్టే. వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంతగా తిరగదు కాబట్టి ప్రమాదం లేదు. ఆగి తిరిగేటప్పుడు మలుపు బయటివైపు కాలు ముందుకు రాకుండా చూసుకోవాలి. రెండు రోజుల్లో అలవాటైంది. రెండోది, మడమ క్యారియర్ సంచికి కొట్టుకుంది. ఈ ఫ్రేములో వెనక గొట్టం 430 మి.మీ.యే, సామాను సైకిళ్లలో ఇంకా పొడుగుంటుంది. సంచి కొక్కేలను 3 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే సరిపోయింది. క్యారియర్ కొనేటప్పుడు సంచిని వెనక్కి జరుపుకునే వీలుందో లేదో చూడండి. మూడోది వెనక లైటు. సీటు గొట్టానికి పెడితే సంచి దాన్ని కప్పేస్తుంది, వెనక వచ్చేవాళ్లకు కనబడదు. క్యారియర్ కొసన బిగించాలి. అక్కడి రంధ్రాల మధ్య దూరం 50 లేదా 80 మి.మీ. ఉంటుంది, లైటు పట్టీ ఏ కొలతదో ముందే చూసుకోండి. నేను చూడక ఒకటి మార్చుకోవాల్సి వచ్చింది.

గేర్ల మాట. 46–11 మీద నిమిషానికి 90 తొక్కితే గంటకు 48 కిలోమీటర్లు దాటుతుంది. సామానుతో అంత ఎప్పుడూ అవసరం పడలేదు. అవసరమైంది కింది కొస. 36–32 మీద నిమిషానికి 60 తొక్కితే గంటకు 8.7 కిలోమీటర్లు. ఏడు శాతం ఎత్తు మీద ఎదురుగాలి ఉన్న రోజు అది మోకాళ్లకు భారమైంది. నాలుగో వారంలో లోపలి 36 తీసి 34 వేయించాను. ఈ క్రాంకు (పెడల్ చెయ్యి, ముందు పళ్ల చక్రాలు బిగించే భాగం) బోల్టుల వలయం 110 మి.మీ. కాబట్టి అది పడుతుంది. మీ క్రాంకుకు ఏది పడుతుందో కొలిచి కొనండి. 40 పళ్ల ఒకే చక్రం కావాలనుకునేవాళ్లు వెనక 42 పళ్ల దాకా ఉన్న క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేసుకోవచ్చు. కానీ గేర్ల మధ్య మెట్లు పెద్దవవుతాయి, గంటసేపు ఒకే ఊపున తొక్కే దారిలో అది విసిగిస్తుంది.

ఖర్చు. సైకిల్ ధర వంద అనుకుంటే దాని మీద ఇంకో 22 అయింది: టైర్లు 7, లైట్లు 5, మడ్‌గార్డులు 4, క్యారియర్ 4, చిన్న చక్రం, బోల్టులు కలిపి 2. మొదట నేను వేసుకున్న లెక్కలో దీనికి 10 మాత్రమే ఉంది. డబ్బంతా సైకిల్‌కే పెట్టేస్తే రెండు నెలలు మడ్‌గార్డు లేకుండా తిరగాల్సి వస్తుంది. ఆ రెండు నెలల్లో వానలో చైను, హెడ్‌సెట్ దెబ్బతింటాయి.

ఎనిమిది వారాలకు, జూన్ మొదటి వారం చివరికి, 37 రోజులు, 1,776 కిలోమీటర్లు. 300 దగ్గర వెనక చక్రం స్పోకులు సర్దించాను, 28 స్పోకుల చక్రానికి బరువు వేశాక అది తప్పదు. 1,340 దగ్గర వెనక ప్యాడ్లు 0.5 మి.మీ.కి అరిగి మార్చాల్సి వచ్చింది. అవి రెజిన్ ప్యాడ్లు, వాన వారాల్లోనే సగం పోయాయి. ఈసారి లోహపు పొడితో చేసినవి వేశాను. కొంచెం అరుస్తాయి, వానలో నిలుస్తాయి. చైను అరుగుదల కొలిచే పట్టీ 0.5 గుర్తు ఇంకా దిగలేదు. ఇప్పుడు సగటున 62 నిమిషాలకు చేరుతున్నాను, మెడ నొప్పి రాలేదు. వచ్చే ఆదివారం హెడ్‌సెట్ కింది బేరింగు విప్పి చూస్తాను. ముందు మడ్‌గార్డు కొస ఫోర్కు కిరీటం దాటి ముందుకు 12 సెంటీమీటర్లే ఉంది, టైరు చిమ్మే నీళ్లు ఆ బేరింగుకే తగులుతున్నట్టు గొట్టం మీది మరకలు చెబుతున్నాయి.